పటాల షాపు అద్దం ముక్కలతో ఫ్యూజింగ్: కిల్న్‌లోంచి తీసిన మర్నాడు పగులుతున్నాయి, ఎందుకు?

పటాలషాపు_తిరుపతి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తిరుపతి గాంధీ రోడ్డు పక్క సందులో మాది పటాల షాపు. శ్రీవారి పటాలకు ఫ్రేములు కట్టడమే ప్రధానం, దాంతోపాటు కిటికీ అద్దాలు, టేబుల్ టాప్‌లు కోసిస్తాం. నాన్న కోయగా మిగిలిన ముక్కలు గోనె సంచుల్లో నింపి పాత సామాన్ల వాళ్లకు వేస్తే ఆటో బాడుగ కూడా రాదు. వాటిని కరిగించి అతికించి (ఫ్యూజింగ్ అంటారు) చిన్న పళ్లేలు, గిన్నెలు చేసి షాపులోనే అమ్ముదామని నా ఆలోచన. రంగుల కోసం పక్కనున్న గాజుల అంగడి వాళ్లు విరిగిన గాజులు దోసెడేసి ఇస్తున్నారు.

కిల్న్ (కరెంటు కొలిమి) సెకండ్‌హ్యాండ్‌ది. బెంగళూరులో సిరామిక్ పని మానేసిన వాళ్ల దగ్గర కొన్నాం. 3 కిలోవాట్లు. కాయిల్స్ చుట్టూ గోడల్లో ఉన్నాయి, మూతలో లేవు. కంట్రోలర్‌లో ఒక్క టెంపరేచరే పెట్టే వీలుంది. 830 (సెల్సియస్ డిగ్రీలు) అని పెడితే ఎంత వేగంగా వీలైతే అంత వేగంగా అక్కడికి వెళ్లి నిలబడుతుంది.

4 మి.మీ. అద్దం రెండు పొరలు వేసి, పైన విరిగిన గాజుల ముక్కలు పేర్చి, కింద పలకకు సుద్దపొడి పూత వేస్తున్నాను. 830 దగ్గర పావుగంట ఉంచి స్విచ్ ఆపేస్తాను. చల్లారాక మూత తీస్తే కొన్ని అప్పటికే రెండు ముక్కలై ఉంటాయి. కొన్ని బాగానే వచ్చి, షెల్ఫ్‌లో పెట్టిన మర్నాడు టప్‌మని వంకరగా పగులుతున్నాయి. పగలనివాటికి పైన తెల్లటి మసక, తుడిస్తే పోదు. మధ్యలో రూపాయి బిళ్లంత బుడగలు. అడుగున సుద్ద అతుక్కుని గరుకు గరుకుగా ఉంటుంది.

నాన్న కరెంటు బిల్లు వైపు, నా వైపు మార్చి మార్చి చూస్తున్నారు. కొత్త కిల్న్ కొనే స్తోమత లేదు. ఉన్నదాంతోనే సరిగ్గా చేయడం ఎలాగో చెప్పండి. హారతి పళ్లేలు కావాలని అప్పుడే ఇద్దరు ముగ్గురు అడిగారు కూడా.


మట్టిపని_పలమనేరు

అక్కా, గాజు సంగతి నాకంత తెలీదు. పూత, అచ్చుల గురించి మాత్రం చెప్పగలను.

ముందు ఆ సుద్ద మానేయండి. వేడి 800 దాటాక సుద్ద విడిపోయి గ్యాస్ వదులుతుంది, మిగిలేది సున్నం. మీ బుడగల్లో దాని వాటా కూడా ఉంటుంది. అల్యూమినా హైడ్రేట్, చైనా క్లే సగం సగం కలిపి నీళ్లలో మజ్జిగంత పల్చగా చేసుకోండి. వెడల్పాటి మెత్తని బ్రష్‌తో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా, ఒకసారి ఐమూలగా, అట్లా నాలుగైదు పల్చటి పూతలు వేయాలి. చిక్కగా ఒకే పూత వేస్తే పెచ్చులు లేచి గాజుకు అంటుకుంటుంది. ఆరాక ఉత్త పలకను 300 దాకా కాల్చి తేమ పోగొట్టండి. బాగా కరిగే వేడికి వెళ్లొచ్చిన పూతను గోకేసి మళ్లీ కొత్తది వేసుకోవాలి. గోకేటప్పుడు తడిపి గోకండి, మాస్కు తప్పనిసరి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

గిన్నె ఆకారానికి గ్లేజు లేని మట్టి అచ్చు చాలు. మూకుడులాగా ఏటవాలుగా ఉండాలి, నిలువు గోడలు వద్దు. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే అడుగున అగ్గిపుల్ల దూరేంత చిల్లులు రెండు మూడు పెట్టించుకోండి. లేకపోతే గాజు దిగేటప్పుడు కింద గాలి చిక్కుకుంటుంది. ఇంట్లో స్టీలు గిన్నె ఉంది కదా అని దాని లోపల గాజు పెట్టొద్దు. చల్లారేటప్పుడు స్టీలు గాజు కంటే ఎక్కువ కుంచించుకుని గాజును నొక్కేస్తుంది. స్టీలైతే బోర్లించి పైనుంచి వాలేలా పెట్టాలి, మట్టైతే లోపలికి దిగేలా పెట్టాలి. రెండూ తారుమారైతే గాజు దక్కదు.


ల్యాబ్‌గ్లాస్_చిత్తూరు

అమ్మా, నాది చిత్తూరు. యూనివర్సిటీ ల్యాబుల్లో ఫ్లాస్కులు, కండెన్సర్లు ఊదే గ్లాస్ బ్లోయర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఇంటి వెనక షెడ్డులో చిన్న కిల్న్ పెట్టుకున్నాను. నీ పోస్టు చదివాక ఒకటే అడగాలనిపించింది. వేడి ఎక్కించడం గురించి ఇంత రాశావు, దించడం గురించి "స్విచ్ ఆపేస్తాను" అని ఒక్క మాటలో తేల్చేశావేం? నీ పళ్లేలు పగులుతున్నది అక్కడే.

ముందు పగిలిన ముక్కలన్నీ వెలుతుర్లో పెట్టుకుని అంచులు చూడు. పగులు అంచు కరిగి గుండ్రంగా ఉందంటే వేడెక్కేటప్పుడే పగిలి, ఆ తర్వాత పైన కరిగిందన్నమాట. అది ఎక్కే స్పీడు వల్ల వచ్చింది. అంచు పదునుగా ఉంటే చల్లారేటప్పుడో, ఆ తర్వాతో పగిలింది. మర్నాడు టప్‌మనేవన్నీ రెండో రకమే.

అద్దం 550 దగ్గర బిగుసుకోవడం మొదలుపెట్టి 500 కిందికి వచ్చేసరికి పూర్తిగా గట్టిపడుతుంది. ఆ దశలో పై భాగం చల్లగా, లోపల వేడిగా ఉండగా దిగిపోతే, తర్వాత లోపలిది కుంచించుకోబోయి కుదరక ఒత్తిడిగా నిలిచిపోతుంది. అడుగు పొడవున్న ముక్క 550 నుంచి గది వేడికి వచ్చేసరికి మిల్లీమీటరుకు పైనే కుంచించుకోవాలి. గాజు సాగదు, వంగదు, ఓర్చుకోదు. ఒత్తిడి వారం ఆగినా పోదు. కాస్త చల్లగాలి తగిలినా, గోరు గీసుకున్నా బయటపడుతుంది. కాబట్టి 550 దగ్గర ఆపి, లోపలా బయటా ఒకే వేడికి వచ్చేదాకా ఉంచి, అక్కణ్నుంచి మెల్లగా దించాలి. అనీలింగ్ అంటే అంతే. ల్యాబులో నేను నేర్చుకున్న మొదటి పని, చివరిదాకా చేసిన పని కూడా అదే.

నీ 8 మి.మీ. పళ్లేనికి నేనైతే ఇట్లా నడుపుతాను. గోడ కాయిల్స్ కాబట్టి అంచులు ముందు వేడెక్కుతాయి. అద్దాన్ని గోడలకు రెండంగుళాలు ఎడంగా పెట్టి, 550 దాకా గంటకు 100 డిగ్రీలకు మించకుండా ఎక్కించు. అక్కణ్నుంచి 670కి గంటకు 150. 670 దగ్గర ముప్పావు గంట ఆగు. అద్దం మెత్తబడి పై పొర కింది పొర మీద వాలుతూ మధ్యలో గాలిని అంచులకు తోసేది ఇక్కడే, నీ రూపాయి బిళ్ల బుడగలకు మందు ఇది. తర్వాత 830కి కిల్న్ ఎంత వేగంగా పోతే అంత వేగంగా పోనీ. పది పదిహేను నిమిషాలు చాలు. ఆపేశాక 550కి దానంతటది దిగుతుంది. మళ్లీ ఆన్ చేసి అక్కడ గంటన్నర నిలబెట్టు. ఆ తర్వాత 430 దాకా గంటకు 50 లోపు, 320 దాకా గంటకు 80, ఇక స్విచ్ ఆపి మూత జోలికి పోకు. తెల్లారి 5 గంటలకు మొదలుపెడితే మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో 830 చేరుతుంది, రాత్రి 8 దాటాక స్విచ్ ఆపుతావు, మూత తీసేది మర్నాడు పొద్దున. నాన్నకు చెప్పు, కరెంటులో ఎక్కువ భాగం ఎక్కేటప్పుడే కాలుతుంది, మెల్లగా దించడానికి ఖర్చయ్యేది తక్కువ. మందం పెరిగితే టైమ్ ఇంకా పెరుగుతుంది. 12 మి.మీ. చేస్తే 550 దగ్గర రెండు గంటలకు పైనే ఉంచి, దించే స్పీడు 30కి తగ్గించు.

మందం మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. బాగా కరిగిన గాజు తనంతట తాను 6, 7 మి.మీ. మందానికి రావాలని చూస్తుంది. నీ రెండు 4 మి.మీ. పొరలు 8 కదా, అందుకే అంచులు పక్కలకు పారి గుండ్రం చెడుతుంది (నువ్వు రాయలేదు గానీ జరుగుతూనే ఉంటుంది). పటాలకు వాడే 2 మి.మీ. అద్దం మూడు పొరలు వేసి చూడు, కోసిన ఆకారం కోసినట్టే నిలుస్తుంది. అదే 2 మి.మీ. ఒక్క పొరే పెడితే అంచులు లోపలికి లాగి, మూలలు ముళ్లలా తేలతాయి.

తెల్లటి మసక అంటే గాజు పైభాగం స్ఫటికంగా మారడం. 700 నుంచి 800 మధ్య ఎక్కువసేపు నానితే వస్తుంది, అందుకే ఆ భాగం వేగంగా దాటమన్నాను. మురికి ఉంటే ఇంకా తొందరగా వస్తుంది. కోత నూనె, వేలిముద్రలు, గ్రైండర్ బురద, బోరు నీళ్లు ఆరిన మచ్చ, అన్నీ దానికి విత్తనాలే. సబ్బునీళ్లతో కడిగి, చివర్లో బ్యాటరీ వాటర్‌తో తొలిచి, పాత పంచె గుడ్డతో తుడిచి, ఆ తర్వాత అంచులు మాత్రమే పట్టుకో. అప్పటికీ వస్తుంటే వెలిగారం వేణ్నీళ్లలో కరిగించి, ఒక చుక్క సబ్బు కలిపి పల్చగా రాయి. కంసాలులు వాడే వెలిగారమే.

మనం వాడే అద్దానికి రెండు ముఖాలు వేర్వేరు. కరిగిన గాజును కరిగిన తగరం మీద తేలించి సాపు చేస్తారు. పిల్కింగ్టన్ కంపెనీ 1959లో బయటపెట్టిన పద్ధతి, మన పక్కన శ్రీపెరుంబుదూరులో సెయింట్ గోబెయిన్ ఫ్యాక్టరీలో జరిగేదీ అదే. తగరానికి ఆనిన వైపు కొంత తగరం గాజులో కలిసిపోతుంది. గిన్నెగా వంచినప్పుడు ఆ వైపు లోపలికి నొక్కుకుంటే సన్నటి ముడతలు పడి మసకగా కనిపిస్తుంది. అందుకని తగరం వైపు కిందికి ఉండాలి. 254 నానోమీటర్ల షార్ట్‌వేవ్ అల్ట్రావయొలెట్ లైటు పెడితే ఆ వైపు పాలరంగులో వెలుగుతుంది. దొంగనోట్లు చూసే లైటు దీనికి పనికిరాదు. షార్ట్‌వేవ్ లైటును కంటికి, చేతికి తగలనివ్వొద్దు. లైటు లేకపోయినా, ఒకే షీటులో కోసేముందు నాన్నతో ఒక వైపంతా మార్కర్ గీతలు పెట్టించు. కనీసం అన్ని ముక్కలూ ఒకే వైపుకు తిరిగి ఉంటాయి.

కోత గురించి పటాల షాపు వాళ్లకు నేను చెప్పేదేముంది. ఒక్క మాట. వెండి పూతున్న అద్దం, అంటే ముఖం చూసుకునే అద్దం ముక్కలు కిల్న్‌లో వేయకు. వెనక పెయింటు పొగ మంచిది కాదు.

ఇక అసలు పరికరం. ల్యాప్‌టాప్ ఉందా? తెల్ల పేజీ ఒకటి తెర నిండా పెట్టి గదిలో లైటు ఆర్పు. పొలరైజ్డ్ చలవ కళ్లద్దాలు కంటి ముందు పట్టుకుని మెల్లగా తిప్పుతూ పో. ఒక కోణంలో తెర నల్లబడుతుంది. అక్కడ ఆపి, తెరకీ కళ్లద్దాలకీ మధ్య నీ పళ్లెం పెట్టు. పళ్లెం కూడా నల్లగానే ఉంటే ఒత్తిడి లేనట్టే. మూలల్లోనో, మధ్యలోనో తెల్లగా వెలిగితే ఒత్తిడి అక్కడుంది. పళ్లేన్ని తెర ముందు అటూ ఇటూ తిప్పి కూడా చూడు, ఒక కోణంలో దాక్కున్నది ఇంకో కోణంలో కనిపిస్తుంది. పళ్లెం పూర్తిగా చల్లారి ఉండాలి, గోరువెచ్చగా ఉన్నా ఉత్తుత్తి వెలుగు కనిపిస్తుంది. ల్యాబులో మేం పెద్ద స్ట్రెయిన్ వ్యూయర్‌తో చేసింది ఇదే పని. చూసి, ఏం కనిపించిందో ఇక్కడ రాయి.


పటాలషాపు_తిరుపతి

సార్, చాలా థాంక్స్. తమ్ముడి కళ్లద్దాలు లాక్కుని చూశాను. నిజంగానే తెర నల్లబడింది! ఇంకా పగలని పళ్లెం ఒకటి పెడితే మూలలన్నీ తెల్లగా వెలుగుతున్నాయి. అంతకంటే ఎక్కువగా ప్రతి విరిగిన గాజుల ముక్క చుట్టూ తెల్లటి రింగు ఉంది. ఎర్ర గాజుల చుట్టూ మరీ మందంగా, ఒకట్రెండు ఆకుపచ్చ వాటి చుట్టూ కొంచెం తక్కువగా ఉంది. పగిలిన వాటి అంచులు దాదాపు అన్నీ పదునే.

రెండు సందేహాలు. ఈ పళ్లేన్ని మళ్లీ 550కి తీసుకెళ్లి మెల్లగా దించితే రింగులు పోతాయా? నా కంట్రోలర్‌లో ఒకే నంబరు పెట్టే వీలుంది కదా, గంటకు 50 చొప్పున దించడం ఎట్లా? మధ్యలో కరెంటు పోతే?


ప్యానెల్‌బోర్డ్_రేణిగుంట

కంట్రోలర్ సంగతి నేను చెప్తాను మేడమ్, నా పని అదే.

కొనకుండా చేయాలంటే చేత్తోనే నడపొచ్చు. గంటకు 100 ఎక్కాలంటే పావుగంటకోసారి సెట్టింగు 25 పెంచుతూ పోండి. గంటకు 50 దిగాలంటే పావుగంటకు 12 తగ్గించండి. ఫోన్‌లో అలారం పెట్టుకుని పక్కన కూర్చోవాలి, అంతే. ఒకట్రెండు సార్లు ఇట్లా కూర్చుంటే మీరే కొత్తది కొంటారు.

కొనేటప్పుడు "ర్యాంప్ సోక్" (ఎక్కే, దిగే స్పీడు, నిలిపే టైమ్ స్టెప్పులుగా పెట్టుకునే వీలు) ఉన్న పీఐడీ కంట్రోలర్ (పెట్టిన వేడిని అటూ ఇటూ పోకుండా నిలిపేది) అని అడగండి. ఎనిమిది స్టెప్పులైనా ఉండాలి, మీ షెడ్యూలు దాంట్లో సరిపోతుంది. మామూలు పీఐడీ అంటగడతారు, చూసుకోండి. దాంతోపాటు 3 కిలోవాట్లకు 40 ఆంప్స్ ఎస్‌ఎస్‌ఆర్ (కాయిల్స్‌కు కరెంటు ఆన్, ఆఫ్ చేసే ఎలక్ట్రానిక్ స్విచ్), దానికి తగ్గ హీట్ సింక్. ఎస్‌ఎస్‌ఆర్ పాడైతే ఎక్కువసార్లు ఆన్‌లోనే ఇరుక్కుపోతుంది, కిల్న్ ఆగకుండా వేడెక్కుతూనే ఉంటుంది. అందుకని దాని ముందు విడిగా ఒక కాంటాక్టర్ (కరెంటు తెంపే పెద్ద స్విచ్), ఓవర్ టెంపరేచర్ కట్ఆఫ్ (వేడి హద్దు దాటితే దాన్ని ఆపేది) పెట్టించండి. ఎర్తింగ్ చెక్ చేయించకుండా మాత్రం నడపొద్దు. మూత తీస్తే కరెంటు కట్టయ్యే స్విచ్ ఒకటి వేయించుకుంటే ఇంకా మంచిది. 3 కిలోవాట్లంటే 13 ఆంప్స్ గంటల తరబడి లాగుతుంది, పాత 15 ఆంప్స్ ప్లగ్ అయితే ముట్టుకుని చూడండి. వేడిగా ఉంటే మార్చండి.

థర్మోకపుల్ (కిల్న్ లోపలి వేడి కొలిచే తీగ) కె టైపే సరిపోతుంది. అది ఎక్కడుందో చూడండి. సిరామిక్ కిల్న్‌లో పైన ఎక్కడో గోడలో ఉంటుంది, మీ అద్దం కింద పలక మీద ఉంటుంది. రెండు చోట్లా వేడి ఒకటి కాదు. దాని కొన పలక ఎత్తుకు, గాజుకు దగ్గరగా ఉండేలా మార్పించండి. లేదంటే సార్ చెప్పిన 550 మీ గాజు దగ్గర 520యో 580యో అవుతుంది.

కరెంటు పోతే కంగారు పడి మూత తీయొద్దు. ఇటుక కిల్న్ మెల్లగానే చల్లారుతుంది. 550 పైన ఉండగా పోతే నష్టం పెద్దగా లేదు, వచ్చాక 550 దగ్గర మళ్లీ నిలబెట్టండి. అనీలింగ్ మధ్యలో పోయి బాగా దిగిపోతే, ఆ లోడును మర్నాడు మెల్లగా 550కి ఎక్కించి మళ్లీ దించుకోండి. కొత్త కంట్రోలర్‌లో కరెంటు వచ్చాక ఏం చేయాలో అడిగే సెట్టింగు ఉంటుంది. "మొదటి నుంచి" కాకుండా "ఆగిన చోటు నుంచి" అని పెట్టండి.


ల్యాబ్‌గ్లాస్_చిత్తూరు

ప్యానెల్‌బోర్డ్ గారు చెప్పిన థర్మోకపుల్ సంగతి ముందు చూడమ్మా, మిగతావి తర్వాత.

నీ మొదటి సందేహానికి వస్తే, మూలల్లో వెలుగు పోతుంది, రింగులు పోవు. మూలలది సరిగా చల్లారక వచ్చిన ఒత్తిడి, మళ్లీ 550కి తీసుకెళ్తే సర్దుకుంటుంది. గాజుల ముక్కల చుట్టూ ఉన్నది వేరే రోగం. అద్దం కుంచించుకునే లెక్క వేరు, గాజుల కుంచించుకునే లెక్క వేరు. ఎంత మెల్లగా దించినా తేడా తేడాయే. విదేశాల నుంచి వచ్చే ఫ్యూజింగ్ గాజు మీద 90, 96 అని నంబర్లు ఉండేది ఇందుకే. మన కిటికీ అద్దానికి ఆ లెక్కలో 80ల మధ్యలో వస్తుంది. ఆ గాజును కూడా దీంతో కలపకూడదు. నేను జీవితమంతా ఊదిన బోరోసిలికేట్ (ల్యాబు ఫ్లాస్కుల గాజు) అయితే 33, దాని దారే వేరు.

గాజులు పూర్తిగా వదిలేయమని అనను. రంగు రంగుకూ కూర్పు మారుతుంది, ఆకుపచ్చ వాటి రింగు తక్కువగా ఉందన్నావు కదా. పరీక్ష పెట్టు. రెండంగుళాల వెడల్పు అద్దం బద్ద మీద రంగుకొక ముక్క, బొటనవేలి గోరంత, దూరం దూరంగా పేర్చు. చివర్లో అదే షీటులోంచి కోసిన అద్దం ముక్క ఒకటి తప్పకుండా పెట్టు. అన్నీ కలిపి కరిగించి, పూర్తిగా అనీల్ చేసి, ల్యాప్‌టాప్ ముందు పట్టుకో. అద్దం ముక్క చుట్టూ కూడా వెలుగుందంటే నీ అనీలింగే తప్పింది, గాజుల మీద తీర్పు చెప్పకు, మళ్లీ కాల్చు. అద్దం ముక్క నల్లగా ఉండి గాజు చుట్టూ రింగు ఉంటే ఆ రంగు పనికిరాదు. ఏ గాజూ రింగు లేకుండా రాకపోతే ఆశ్చర్యపోకు. వచ్చినా ఆ సంచిలోని గాజులకే ఆ తీర్పు, వచ్చే నెల తెచ్చిన గాజులకు మళ్లీ పరీక్ష పెట్టాల్సిందే.

అద్దంతో గొడవ పడని రంగు కావాలంటే రెండు పొరల మధ్య పల్చటి రాగి రేకు పెట్టు. కాగితంలా కత్తెరకు తెగేంత పల్చన ఉండాలి. గాలి అందని చోట ఎర్రగా, అందిన అంచుల్లో నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు వస్తుంది. రేకు మందమైతే చుట్టూ పగుళ్లు వస్తాయి. కిటికీ అద్దానికి సరిపడే గ్లాస్ ఎనామెల్ పొడులు (గాజు మీద కరిగి అతుక్కునే రంగులు) కూడా దొరుకుతాయి. తినే పదార్థం తగిలే వైపు వాడాలంటే సీసం లేనిదేనా అని అడిగి కొను.

హారతి పళ్లేలు మాత్రం ఒప్పుకోవద్దమ్మా. ఎంత బాగా అనీల్ చేసినా ఇది మామూలు అద్దమే. కర్పూరం వెలిగిస్తే మంట కింద అంగుళం మేర కాలిపోతుంది, అంచు చల్లగా ఉంటుంది, అక్కడికక్కడే పగిలి మండే కర్పూరం చేతి మీద పడుతుంది. మధ్యలో ఇత్తడి గిన్నె పెడతామన్నా వద్దను. పసుపు కుంకుమకో, పూలకో అని చెప్పి అమ్ము. వెనక "మంట పెట్టరాదు" అని చిన్న స్టిక్కర్ అంటించు.


పటాలషాపు_తిరుపతి

సరే సార్. హారతి పళ్లేలు అడిగిన వాళ్లకు ఈరోజే ఫోన్ చేసి వద్దన్నాను. ఒకావిడ పసుపు కుంకుమ పళ్లెం అయితే నాలుగు కావాలన్నారు. బద్ద మీద గాజుల పరీక్షతోనే మొదలుపెడతాను. నాన్న మార్కర్ గీతలకు ఒప్పుకున్నారు, పావుగంట అలారాలకు ఒప్పుకోలేదు, కంట్రోలర్ కొందామన్నారు.

పలమనేరు అన్నా, అచ్చులకు శనివారం వస్తాను. జానెడు వెడల్పు గిన్నెకు ఎంత లోతు ఉండాలి? వంచడానికి కూడా 830 కావాలా?


మట్టిపని_పలమనేరు

జానెడు వెడల్పుకు రెండు వేళ్ల లోతు చాలు అక్కా, అంతకంటే లోతైతే అంచులు వంకర పోతాయి. శనివారం మధ్యాహ్నం లోపు రండి. వేడి గురించి సార్ చెప్పాలి.


ల్యాబ్‌గ్లాస్_చిత్తూరు

830 వద్దు, అచ్చు గుర్తులన్నీ గాజుకు అంటుకుంటాయి. ముందు చదునుగా కరిగించి తీసి, రెండోసారి అచ్చు మీద పెట్టి 680 నుంచి 700 మధ్యలో ఆపు. 660 నుంచే చూస్తూ ఉండు. 3వ నంబరు వెల్డింగ్ కళ్లద్దాలు పెట్టుకుని, కరెంటు ఆపి, మూత వేలెడు ఎత్తి చూడాలి. అంచు అచ్చుకు ఆనగానే ఆపేయ్. ఆ తర్వాత 550 దగ్గర మళ్లీ అదే కథ, గంటన్నర.